గ్యాస్ గీజర్ దగ్గర సన్నగా వాసన వస్తుంటే ఏం అర్థం చేసుకోవాలి

క్లుప్తంగా: గీజర్ వెలిగే క్షణంలో ఒక్కసారి వచ్చి పోయే వాసన వేరు, గీజర్ ఆపేసి ఉన్నప్పుడు కూడా వచ్చే వాసన వేరు, మంట వెలుగుతున్నంతసేపూ కళ్లు మండించే వాసన ఇంకా వేరు. మొదటిది బ్యాటరీలో నీళ్ల ఒత్తిడో సరిచేస్తే తగ్గుతుంది, రెండోది లీకు, మూడోది గ్యాస్ సరిగా కాలడం లేదనడానికి గుర్తు. ఏదైనా సరే, సంగతి తేలేదాకా గీజర్ వాడకూడదు. గ్యాస్ సరిగా కాలనప్పుడు పుట్టే విషవాయువు, అన్నిటికంటే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌కి మాత్రం అసలు వాసనే ఉండదు.

ధనుర్మాసం వచ్చిందంటే తిరుపతిలో తెల్లవారుజామున నాలుగింటికే వేడినీళ్లు కావాలి. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు చలి ఇంకాస్త ఎక్కువ. ఒకప్పుడు పెరట్లో రాగి బాయిలర్ పెట్టి, కట్టెలో కొబ్బరి చిప్పలో వేసి నీళ్లు కాచేవాళ్లు. ఇప్పుడు చాలా ఇళ్లలో, అద్దె పోర్షన్లలో, హాస్టళ్లలో ఆ పని గ్యాస్ గీజర్ చేస్తోంది, పెద్దవాళ్లు దాన్ని కూడా బాయిలర్ అనే అంటారు. చలికాలంలోనే ఒక ప్రశ్న ఎక్కువగా వినిపిస్తుంది: స్టవ్ దగ్గర ఏమీ లేదు, గీజర్ దగ్గర మాత్రం సన్నగా గ్యాస్ వాసన వస్తోంది, వాడొచ్చా? దీనికి చుట్టుపక్కల దొరికే జవాబులు రెండే. ఒకటి, గీజర్ అన్నాక ఆ మాత్రం వాసన మామూలే అని. రెండోది, బండ మార్చేయండి, పోతుంది అని. రెండూ సరైనవి కావు. వాసన ఎంత ఉంది అన్నదాని కంటే ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది అన్నది ఎక్కువ చెబుతుంది.

## ముక్కుకు తగిలేది గ్యాస్ కాదు

వంటగ్యాస్ అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఈ రెండింటికీ మనం గుర్తుపట్టేంత వాసన ఉండదు. మనకు తెలిసిన ఆ కుళ్లు కంపు, లీకు తెలియాలని కావాలని కలిపే ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధక పదార్థానిది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, న్యూ లండన్ ఊళ్లో ఒక బడి కింద వాసన లేని సహజవాయువు చేరి పేలింది, దాదాపు 300 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌కి వాసన కలపడం తప్పనిసరి అయింది.

ఎంత కలపాలి అన్నదానికీ ఒక లెక్క ఉంది. గాలిలో ఎల్‌పీజీ సుమారు 2 శాతానికి చేరితే అంటుకుంటుంది. అందులో ఐదో వంతు ఉన్నప్పుడే, అంటే 0.4 శాతం దగ్గరే మనిషి ముక్కుకు తెలిసిపోవాలి. నిజానికి మెర్కాప్టన్‌ని ముక్కు ఇంకా చాలా తక్కువ మోతాదులోనే పసిగడుతుంది. కాబట్టి సన్నటి వాసన రాగానే పేలుడు అంచున ఉన్నామని టెన్షన్ పడాల్సిన పని లేదు. గ్యాస్ ఎక్కడి నుంచో బయటికి వస్తోందన్నది మాత్రం ఖాయం.

బండ అయిపోవస్తున్నప్పుడు వాసన ఎక్కువగా ఉంటుందనే మాటలో కొంత నిజం ఉంది. మెర్కాప్టన్ మరిగే ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, ప్రొపేన్‌ది సున్నాకి 42 డిగ్రీల కింద. బండలో గ్యాస్ ముందుగా ఆవిరై వెళ్లిపోతుంటే వాసన పదార్థం అడుగున మిగిలిపోతూ చిక్కబడుతుంది, అందుకే చివరి రోజుల్లో కంపు ఘాటుగా తగులుతుంది. కానీ ఒకటి గమనించండి. ఎంత చిక్కబడినా అది బయటికి వస్తేనే కదా ముక్కుకు తగిలేది. కొత్త బండ పెట్టాక వాసన తగ్గితే లీకు పోయిందని కాదు, అదే లీకులో వాసన పలచబడిందని కూడా కావచ్చు. బండ మార్చేసి ఊరుకోకూడదనేది అందుకే.

## సన్నటి వాసన అంటే చిన్న లీకు అని కాదు

ఎల్‌పీజీ గాలి కంటే బరువు. ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైన గ్యాస్ నేల మీద పరుచుకుని, వాలు ఎటుంటే అటు పోతుంది, గడప దగ్గర ఆగుతుంది, బాత్‌రూమ్ నీళ్లు పోయే జాలీలోకి దిగుతుంది. ముక్కు ఉండేది ఐదడుగుల ఎత్తులో. నిలబడినవాళ్లకు సన్నగా తగిలే వాసన, వంగి బకెట్ ఎత్తేటప్పుడు గుప్పుమంటే గ్యాస్ కింద చేరిందనే అర్థం.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో సుమారు 8 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఆ గదంతా అంటుకునే స్థాయికి రావాలంటే దాదాపు 300 గ్రాముల గ్యాస్ చాలు. అంతా సమానంగా కలవకుండా కింది అడుగు ఎత్తులోనే పేరుకుంటే 40 గ్రాములకే ఆ పొర అంటుకునే స్థితికి వస్తుంది. ఇంట్లో వాడే బండలో ఉండేది 14.2 కిలోలు. తలుపు వేసిన గదిలో రాత్రంతా సాగే సన్నటి లీకుని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక ముక్కు సంగతి. ఒకే వాసన కొన్ని నిమిషాలు పీలిస్తే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. జలుబు చేసినా, వయసు మీద పడినా ఇంతే. మీకు వాసన తగ్గిపోయినట్టు అనిపిస్తే అప్పుడే బయటి నుంచి వచ్చిన మనిషిని అడగండి. పాలు పోయడానికి వచ్చినావిడ "ఏందమ్మా, గ్యాస్ వాసనొస్తా ఉంది" అంటే ఇంట్లోవాళ్లకు తెలియకపోయినా ఆమె మాటే నమ్మాలి.

## వాసన ఏ వేళలో వస్తోంది

కుళాయి తిప్పగానే గీజర్ లోపల జరిగేది ఇది. నీళ్ల ఒత్తిడికి ఒక రబ్బరు పొర కదిలి స్విచ్‌ని నొక్కుతుంది. బ్యాటరీలతో టిక్ టిక్ అంటూ నిప్పురవ్వ పడుతుంది, అదే సమయంలో గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బర్నర్ అంటుకుంటుంది. మంట వచ్చిందో లేదో చూసే చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది, మంట రాకపోతే కొన్ని సెకన్లలో వాల్వ్ మూసుకోవాలి. గ్యాస్ విడుదలైన క్షణానికీ అంటుకున్న క్షణానికీ మధ్య కాస్తంత గ్యాస్ కాలకుండా బయటపడుతుంది. వెలిగించేటప్పుడు లేశమాత్రం వాసన వచ్చి వెంటనే పోవడానికి కారణం అదే.

ఈ వ్యవధి పెరిగితేనే ఇబ్బంది. బ్యాటరీలు నీరసించాయనుకోండి, నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది, అప్పటిదాకా చేరిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుని డబ్బుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం మొదలైందంటే ముందు బ్యాటరీలు మార్చాలి, అయినా ఆగకపోతే మెకానిక్‌ని పిలవాలి. రెండో కారణం మిద్దె మీద ట్యాంకు. పై అంతస్తులో గీజర్‌కీ ట్యాంకుకీ మధ్య రెండు మూడు మీటర్ల ఎత్తే ఉంటే ఒత్తిడి 0.2, 0.3 బార్ దగ్గరే ఆగిపోతుంది, చాలా గీజర్లు పనిచేయడానికి అది బొటాబొటీ. ట్యాంకులో నీళ్లు సగానికి దిగగానే మంట ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. ప్రతిసారీ కాస్త గ్యాస్ వదులుతుంది. కింది పోర్షన్‌లో అదే కంపెనీ గీజర్ బాగానే పనిచేస్తుంటే, పై పోర్షన్‌లో మాత్రం స్నానం అయ్యేసరికి వాసన పట్టి ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. గీజర్ మార్చినా ఈ తిప్పలు తప్పవు, నీళ్ల ఒత్తిడి పెంచాలి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో తంటా ఉంది. కుళాయి మూతికి, షవర్ చిల్లులకి తెల్లగా పట్టే పొరే గీజర్ లోపలి రాగి గొట్టాల్లోనూ పడుతుంది. నీళ్లు పోయే దారి సన్నబడి ఒత్తిడి ఇంకా తగ్గుతుంది.

గీజర్ ఆపేసి గంటలైనా వాసన వస్తుంటే అది వెలిగించేటప్పుడు వచ్చే వాసన కాదు, లీకే. ఎక్కువగా లీకయ్యే చోట్లు కొన్నే: బండ మూతిలో ఉండే రబ్బరు వాషర్, రెగ్యులేటర్, ట్యూబు రెండు కొసల దగ్గరి క్లిప్పులు, గీజర్ కింది నట్టు. ఒకే బండ నుంచి స్టవ్‌కీ గీజర్‌కీ కనెక్షన్ ఇచ్చిన ఇళ్లలో మధ్యలో పెట్టే మూడు దారుల జాయింటు అన్నిటికంటే అనుమానించాల్సింది. బయట చవగ్గా దొరికే ఇత్తడి ముక్కతో, మామూలు పచ్చ ట్యూబుతో ఎవరో బిగించి వెళ్లిపోయిన జాయింట్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష ట్యూబే వాడాలి, దాన్ని కూడా ఐదేళ్లకోసారి మార్చాలి. ట్యూబు మీద తేదీ ముద్రించి ఉంటుంది. వంటింటి నుంచి గోడకి కన్నం పెట్టి బాత్‌రూమ్‌లోకి లాగిన ట్యూబులో, గోడలో ఇరుక్కున్న భాగం కంటికి కనబడదు, ఎలుక కొరికినా తెలియదు.

లీకు పట్టడానికి సబ్బు నీళ్లు చాలు. చిక్కగా నురగ వచ్చేలా కలిపి, పాత బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూసి, రెగ్యులేటర్ తెరిచి చూడండి. లీకున్న చోట బుడగలు ఒకదాని మీద ఒకటి ఉబ్బుతాయి. మరీ సన్నటి లీకైతే ఒక్క బుడగ నిదానంగా పెరుగుతుంది, అరనిమిషం అయినా కదలకుండా చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడటం మాత్రం ఎన్నడూ చేయకూడదు. వాసన గదంతా పట్టి ఉన్నప్పుడు ఈ పరీక్షకి దిగకూడదు, గాలి మారాకే.

మంట వెలుగుతున్నంతసేపూ వచ్చే వాసన మూడో రకం. ఇది మెర్కాప్టన్ కంపులా ఉండదు, ఘాటుగా ఉండి ముక్కు, కళ్లు మండుతాయి. బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు చేరి గాలి అందకపోతే గ్యాస్ సగం సగం కాలుతుంది, అప్పుడు పుట్టే పదార్థాల వాసన ఇది. గీజర్ ముందున్న చిన్న అద్దంలోంచి చూస్తే మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు పచ్చగా ఊగుతుంటే, పైన పొగ పోయే చోట నల్లటి మసి పడుతుంటే ఆ రోజు నుంచే వాడకం ఆపేయాలి. కారణం కింద చూద్దాం.

వాసన అసలు గ్యాస్‌దే కాకపోవచ్చు కూడా. బాత్‌రూమ్ జాలీ కింద నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ గాలి పైకి వస్తుంది, అది కుళ్లిన గుడ్డు కంపు. కరెంటు గీజర్‌లోనూ కొన్నాళ్లు వాడకుండా వదిలేస్తే నీళ్లలో సూక్ష్మజీవుల వల్ల ఇదే కంపు వస్తుంది. బాత్‌రూమ్ జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసి చూడండి, లేదా గీజర్ నీళ్లు గ్లాసులో పట్టి ఆరుబయటికి తీసుకెళ్లి వాసన చూడండి. నీళ్లకే కంపు ఉంటే గ్యాస్ ఏజెన్సీతో పని లేదు. తేడా తెలియనప్పుడు మాత్రం గ్యాస్ అనే అనుకుని నడుచుకోవాలి.

## వాసన లేని ప్రమాదం

గ్యాస్ గీజర్ విషయంలో అందరూ భయపడేది పేలుడుకి. కానీ తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో మనిషి ప్రాణం తీసేది ఎక్కువగా కార్బన్ మోనాక్సైడ్. దీనివల్ల స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం మన దేశంలో ఎంత తరచుగా కనిపిస్తుందంటే వైద్యులు దానికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అనే పేరే పెట్టారు.

కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి ఆరు లీటర్లు ఇచ్చే గీజర్ పూర్తి మంట మీద గంటకు కిలోకి దగ్గరగా గ్యాస్ తాగుతుంది, అది స్టవ్ మీద ఒక బర్నర్ కంటే ఐదారు రెట్లు ఎక్కువ. ఇందాకటి బాత్‌రూమ్‌నే తీసుకుంటే ఇరవై నిమిషాల్లో ఆ గదిలోని గాలిలో సగం ఒక్క గీజర్‌కే ఖర్చవుతుంది. అంతదాకా కూడా అక్కర్లేదు. మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ కొన్ని శాతం తగ్గగానే మంట చెడిపోతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, కాళ్లలో సత్తువ లేకపోవడం దీని లక్షణాలు. తెల్లవారుజామున ఉపవాసంతో తలంటు పోసుకునేవాళ్లు దీన్ని నీరసమనే అనుకుంటారు, ఇంకో రెండు చెంబులు పోసుకుని వస్తే సరిపోతుందనుకుంటారు. ఆ రెండు చెంబుల వ్యవధిలోనే కాళ్లు పడిపోతాయి, తలుపు గడియ తీయడానికి చెయ్యి లేవదు.

దోమలు వస్తున్నాయని, చలిగాలి తగులుతోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టడం ఈ ప్రాంతంలో ఎక్కడ చూసినా కనబడుతుంది. గీజర్ లోపలున్న గదిలో ఆ అట్టముక్క ప్రాణం మీదికి తెస్తుంది.

ఎవరైనా లోపల పడిపోతే తలుపు బద్దలుకొట్టి, ముందు బయటి గాలిలోకి తీసుకొచ్చి, 108కి ఫోన్ చేయాలి. కరోనా కాలంలో కొన్న వేలి ఆక్సీమీటర్ పెట్టి 98 చూపించింది కాబట్టి ఫర్వాలేదనుకుంటే మోసపోతాం. ఆ పరికరం కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో పడిపోయారని డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఎందుకంటే వెంటనే మాస్కుతో ఎక్కువ ఆక్సిజన్ పెట్టడమే దీనికి ముఖ్యమైన చికిత్స.

## వాసన తగిలిన నిమిషంలో

ముందు చెయ్యి స్విచ్‌బోర్డు వైపు పోకూడదు. వాసన రాగానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలనిపించడం సహజం, కానీ ఆ స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. వెలుగుతున్న లైటుని ఆర్పడం కూడా వద్దు. రెగ్యులేటర్ ఆఫ్ చేయండి, వీలైతే తీసేసి, బండకి దారంతో వేలాడే ప్లాస్టిక్ మూత బిగించండి. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. పూజగదిలో దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ ఉంటే ఆర్పేయండి. అందరూ బయటికి వచ్చాక, వాకిలి దాటి దూరం వెళ్లాక ఫోన్ తీయండి. గ్యాస్ లీకులకు దేశమంతటా 24 గంటలూ పనిచేసే నంబర్ 1906. వాసన బాగా ఎక్కువగా ఉన్నా, బుస్సుమని శబ్దం వినిపిస్తున్నా 101కి కూడా చేయాలి. అపార్ట్‌మెంట్‌లో అయితే కింది అంతస్తువాళ్లకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఈ గ్యాస్ దిగేది కిందికే.

## పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో

పైపుల్లో వచ్చేది మీథేన్, అది గాలి కంటే తేలిక, పైకప్పు కిందకి చేరుతుంది. గాలిలో 5 శాతం దాటితే అంటుకుంటుంది. ఎల్‌పీజీ కోసం చేసిన గీజర్‌ని జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు) మార్చకుండా పైపు గ్యాస్‌కి తగిలిస్తే మంట సరిగా రాదు. ఆ మార్పు కంపెనీ మనిషే చేయాలి.

## గీజర్ ఉండాల్సిన చోటు

వాసన గురించిన చాలా గందరగోళం గీజర్ బాత్‌రూమ్‌లో ఉండటం వల్లే. మన వైపు ఇళ్లకు వెనక గిన్నెలు తోమే చోటో, బాల్కనీయో ఉంటుంది. గీజర్‌ని అక్కడ బిగించి, బాత్‌రూమ్‌లోకి వేడినీళ్ల పైపు ఒక్కటే తీసుకొస్తే గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ రెండూ చాలావరకు ఆరుబయటే కలిసిపోతాయి. నవంబర్, డిసెంబర్ వానలకి, గాలికి మంట ఆరకుండా పైన చిన్న రేకు వేస్తే సరిపోతుంది, చుట్టూ మూసేయకూడదు. అద్దెకుండేవాళ్లు ఇంటి ఓనర్‌ని ఈ మార్పు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఓనర్లు కూడా దీన్ని అద్దెదారు గొంతెమ్మ కోరికగా చూడకూడదు. కొన్ని అడుగుల పైపు, ప్లంబర్ ఒక పూట పని తప్ప ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు.

అలారం కొనాలనుకుంటే ఏది దేనికో చూసి కొనాలి. ఎల్‌పీజీ అలారం నేలకు అడుగు ఎత్తులో ఉండాలి, మీథేన్ అలారం పైకప్పు దగ్గర ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి అలారం విడిగా ఉంటుంది, గ్యాస్ లీకు పట్టేది దాన్ని పట్టదు.

గీజర్‌ని జరపడానికి ప్రస్తుతానికి వీల్లేకపోతే, తలుపు తెరిచి ఉంచి బకెట్లు నింపుకోండి. గీజర్ ఆపి, రెగ్యులేటర్ కట్టేసి, గాలి కాసేపు ఆడనిచ్చాక లోపలికి వెళ్లి నీళ్లు పోసుకోండి. షవర్ కింద నిలబడి గీజర్ నడుపుతూ స్నానం చేయడం, ముఖ్యంగా పిల్లలకి, అలాంటి గదిలో వద్దు.